విమానాల సంతలో ఉత్త ఫ్లాష్

మా అక్క కూతురు హైమ మొన్న ఆదివారం పొద్దున్నే మధురవాడ నుంచి స్కూటీ మీద ఊరంతా అడ్డంగా దాటుకుని కూర్మన్నపాలెం వచ్చి, హెల్మెట్ కూడా తియ్యకుండా నా స్టూడియో గుమ్మంలో నిలబడింది. హెల్మెట్‌లో ఆ పిల్ల నన్ను పట్టుకుపోవడానికి వచ్చిన యమభటుడిలా ఉంది. నిజం చెప్పాలంటే యమభటుడి చేతిలో పాశం ఉంటుంది, దీని చేతిలో స్కానరు ఉంది. "మావయ్యా, నాన్న విమానం ఫొటో నెగెటివ్ కోసం వచ్చాను. అది తీసుకోకుండా కదల్ను" అంది. వచ్చే నెల దాని పెళ్ళి. పీటల పక్కన ఒక కుర్చీ వేసి అందులో వాళ్ళ నాన్న ఫొటో పెద్దది కట్టించి పెడుతుందట. ఇంట్లో ఉన్నవి రెండే రెండు. ఒకటి గుర్తింపు కార్డు మీది బొమ్మ, అందులో మా బావ అప్పుడే ఎవరినో పొడిచి వచ్చినవాడిలా ఉంటాడు. రెండోది పెళ్ళి ఫొటో, అందులో అప్పుడే ఎవరో తనని పొడవబోతున్నట్టు ఉంటాడు. "మా నాన్న నవ్వే ఫొటో నీ దగ్గర ఒక్కటే ఉంది కదా! అదే పెడదామంది అమ్మ" అని, హైమ నేల మీద కూచుని నా నెగెటివ్‌ల ట్రంకు పెట్టెలు ముందుకు లాగడం మొదలెట్టింది. నా దగ్గర ఉన్న పెట్టెలు ఓడరేవులో దింపినా రెండు రోజులు పడతాయి. నిజం చెప్పాలంటే ఉన్నవి నాలుగు పెట్టెలు.

నేను టీ తెస్తానని బయటికి వెళ్ళి, టీ కొట్టు దాటి, బస్టాపు దాటి, ఏదైనా బస్సెక్కి ఎక్కడికైనా పోదామా అని కాసేపు నిలబడ్డాను. ఎందుకంటే ఆ నెగెటివ్ ఆ నాలుగు పెట్టెల్లో లేదు. ఐదో పెట్టె ఉన్నా అందులోనూ ఉండదు. అది ఎప్పుడూ లేదు. పదహారేళ్ళుగా మా అక్కకి నేను ఆ ఫొటో గురించి చెప్పని కథ లేదు. ల్యాబ్‌లో ఉందన్నాను. ల్యాబు వాడు పారేసుకున్నాడన్నాను. మళ్ళీ దొరికిందన్నాను. చెమ్మకి రెండు ముక్కలు అతుక్కుపోయాయి, వేసవి దాకా ఆరాలన్నాను. వేసవి వస్తే ఎండకి వంకర్లు పోయింది, వర్షాల దాకా ఆగాలన్నాను. ఆ ఫొటోని మాటల్లో ఎంత అందంగా దింపానంటే, మా బావకి ముప్ఫైరెండు పళ్ళు కాక ఇంకో ఎనిమిది ఉన్నట్టు, వెనకాల రెక్క, ఆ రెక్క మీద వెలుగు, అన్నీ మా అక్క కళ్ళకి కట్టాయి. వచ్చినవాళ్ళకి ఆవిడే వర్ణించి చెప్పేది. లేని ఫొటోని నా అంత బాగా కడిగి ప్రింటు వేసినవాడు ఈ రాష్ట్రంలో ఇంకొకడు లేడు.

మా బావ పేరు సన్యాసిరావు. ఆ పేరు పెట్టుకుని నలుగురి సంసారం ఒక్కడే ఈదాడు. స్టీల్ ప్లాంటులో క్రేను ఆపరేటరు. అంటే షెడ్డు కప్పుకి కాస్త కింద వేలాడే గాజు గదిలో కూచుని, కింద నడిచే మనుషుల నడినెత్తులు చూస్తూ బతికే ఉద్యోగం. "వైజాగ్‌లో ఎవుడికి బట్టతల వత్తందో ముందు నాకే తెలుత్తాది" అనేవాడు. ఆనందపురం అవతల మా ఊళ్ళో పొలం అన్నల పాలై నేను కెమెరా ఒక్కటీ మెడలో వేసుకుని వచ్చేస్తే, అక్కా బావా నన్ను తమ రెండు గదుల అద్దె వాటాలోనే పెట్టుకున్నారు. మూడో గది అనదగ్గది స్నానాల గది. దాన్ని నేను డార్క్‌రూమ్ చేసేశాను. కిటికీకి నల్ల దుప్పటి, బకెట్టులో ఫొటోలు కడిగే హైపో మందు, తాడు మీద మా అక్క పరికిణీల పక్కన ఎవరెవరివో పెళ్ళికూతుళ్ళు తలకిందులుగా ఆరుతూ ఉండేవారు. ఇంట్లో సబ్బు వాసన పోయి హైపో పులుపు వాసన వచ్చింది. చారు తాగినా హైపో తాగినట్టే ఉండేది. డ్యూటీ దిగి, ఒళ్ళంతా ఇనుప బూడిదతో వచ్చిన మనిషి తువ్వాలు భుజాన వేసుకుని తలుపు బయట నిలబడి, "బావా, లోపలున్న పెల్లికూతురు ముస్తాబు అయిందేటి? నాను నీల్లోసుకోవాల" అని అడిగేవాడు తప్ప ఒక్కసారి కూడా తలుపు కొట్టలేదు. చాలా రోజులు పెరట్లో కుళాయి కిందే స్నానం చేశాడు. ఆ తర్వాత చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ రేడియోలో వాతావరణం వినేవాడు. సముద్రం వైపు గాలి ఎలా ఉందో తెలియకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఎందుకని అడిగితే, గాలి లేస్తే క్రేను కట్టేయాలి కదా అనేవాడు. షెడ్డు లోపలి క్రేనుకి గాలేమిటో నాకు ఈనాటికీ తెలీదు.

ఆయనకి సెలవు వచ్చినప్పుడల్లా నాతో పెళ్ళిళ్ళకి వచ్చి లైటు పట్టుకునేవాడు. అక్కడే మా వృత్తి రహస్యం ఆయనకి తెలిసిపోయింది. ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. రీలుకి ముప్ఫై ఆరు బొమ్మలు. పెళ్ళికొచ్చే చుట్టాలు మూడు వందల అరవై. ప్రతివాడూ పెళ్ళికూతురి పక్కన నిలబడి, తల దువ్వుకుని, "బాబూ, ఒకటి" అంటాడు. కాదంటే పెళ్ళి ఆగిపోయేంత గొడవ. అందుకని మా ఫొటోగ్రాఫర్లందరూ ఒక పని చేసేవాళ్ళం. ఫ్లాషు గన్ను వెనకాల చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫ్లాషు వెలుగుతుంది, అంతే. రీలు కదలదు, బొమ్మ పడదు. దీన్ని మేం ఉత్త ఫ్లాష్ అనేవాళ్ళం. మేళంలో క్లిక్కు ఎవడికి వినపడుతుంది? చుట్టం కళ్ళు చిట్లించుకుని సంతోషంగా భోజనాలకి పోతాడు. తర్వాత ఆల్బమ్‌లో తను లేకపోతే పెళ్ళివాళ్ళు తీసేశారనుకుని వాళ్ళతో మాట్లాడటం మానేస్తాడు. ఆ లెక్కన ఈ జిల్లాలో నేను విడదీసిన కుటుంబాలు తక్కువేం కాదు. బావ ఎదటివాడి మొహంలోకి చూసి, వంగి నా చెవిలో, "ఇది అసలా, ఉత్తదా?" అని అడిగి, ఉత్తదంటే ఆ చుట్టం మీద జాలిపడి, అన్నం దగ్గర రెండో లడ్డూ వేయించేవాడు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ప్రసాదరావు గారని ఒక పెద్దాయన మా వాటా వెతుక్కుంటూ వచ్చారు. విజయవాడ అవతల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, ఏవో యంత్రాల వ్యాపారం, విమానాల పిచ్చి. ఆనందపురం దాటాక పొలాల మధ్య ఎప్పటిదో యుద్ధకాలపు రన్‌వే ఒకటి గడ్డి మొలిచి పడి ఉండేది. దాన్ని చెక్కించి, దేశం నలుమూలల నుంచీ సొంత విమానాలున్నవాళ్ళని, ఫ్లయింగ్ స్కూళ్ళవాళ్ళని రెండు రోజులు అక్కడికి రప్పిస్తున్నారట. "సంతకి గొడ్లొచ్చినట్టు వస్తయ్యయ్యా విమానాలు! ఒక్కోదాన్ని విడివిడిగా తియ్యాల. ముక్కు, తోక, రెక్క. ఆఖర్న ఐదు విమానాలు కలిసి బాణంలాగ పోతాయి, అది మాత్రం తప్పిందో, నిన్ను ఆ రన్‌వే మీదే పాతరేయిస్తా" అన్నారు నవ్వుతూ. నాకు ఆ నవ్వు నచ్చలేదు. మూడు కలర్ రీళ్ళు ఆయనే తెచ్చి ఇచ్చారు. అన్ని రీళ్ళు ఒక్కసారి చేతికి రావడం నా జీవితంలో అదే మొదలు. మా అమ్మ ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. రీళ్ళు లోపల పెడుతుంటే గోడ మీద బల్లి కొట్టింది. "ఎగిరే వాటి జోలికి ఎల్లకురా. మనకి అచ్చిరావు" అంది. మా ఇంట్లో అంతకు ముందు ఎగిరింది పెంకుటింటి కప్పు ఒక్కటే, తుపానుకి.

విమానాల సంత రోజు తెల్లవారేసరికి అల్పపీడనం అన్నారు రేడియోలో. బావ ముద్ద కంచంలో వదిలేసి లేచాడు. సెలవు పెట్టాడు కదా, నాతో వస్తున్నాడు, లైటు బదులు ట్రైపాడు మొయ్యడానికి. మా అక్క గుమ్మంలో నిలబడి, "ఎందుకెల్లడం ఇలాంటి ముసురులో? ఆడికంటే పని, నీకేటి పని ఆ ఇమానాల కాడ?" అంది. "నాను రోజూ ఎత్తు మీదే కదే ఉంటన్నాను. నా కన్నా ఎత్తుకి ఎల్లీదేదో ఓపాలి సూసొచ్చీత్తాను" అన్నాడాయన. ఎనిమిదేళ్ళ హైమ నేనూ వస్తానని ట్రైపాడుని పట్టుకు వేలాడితే దాని వీపు మీద ఒకటి వేసి లోపలికి లాక్కుపోయింది అక్క. మేం బస్సెక్కాం.

ఆ సంత ఎలా ఉందో చెప్పాలంటే నాకు నోరు చాలదు. మూడు వందల విమానాలు బారులు తీరి ఉన్నాయి. నిజం చెప్పాలంటే నలభై. కానీ అంతకు ముందు విమానాన్ని ఆకాశంలో చీమంత చూసినవాడికి, చెయ్యెత్తితే రెక్క తగిలే దూరంలో నలభై అంటే మూడు వందలే. ఎర్రవి, పసుపువి, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కల జతలున్నవి, మోటారే లేనివి, మా ఊరి కోళ్ళ గంపంత చిన్నవి. వాటి సొంతదారులు తడి గుడ్డలతో వాటి ముక్కులు తుడుస్తూ, పెళ్ళికూతురి తల్లుల్లా చుట్టూ తిరుగుతున్నారు. నేను కూడా అలవాటు చొప్పున పెళ్ళి ఫొటోలే తీశాను. ఒక్కో విమానాన్నీ కాస్త పక్కకి తిప్పించి, మెడ వంచినట్టు కనిపించేలా, రెక్క అంచు మీద వెలుగు పడేలా. ఒక ఫ్లయింగ్ స్కూలు కుర్రాడు, "ఏం సార్, బుగ్గన చుక్క కూడా పెడతారా?" అని వెక్కిరించాడు. కాటుక దొరికితే పెట్టేవాణ్ణే. పెట్రోలు వాసన, తడి ఎర్రమట్టి వాసన, ఎక్కణ్ణుంచో గాలి తెచ్చే ఎండుచేపల వాసన మూడూ కలిసిపోయాయి. పైన గద్దలు. అన్ని గద్దల్ని నేనెప్పుడూ ఒక్కచోట చూడలేదు. పొలాల్లోని ఎలుకలు మోటార్ల చప్పుడికి బెదిరి బయటికి వస్తుంటే వాటి కోసం దిగుతున్నాయట. మబ్బు ఎంత కిందకి దిగిందంటే, గద్దలు ఒక్కోసారి అందులోకి పోయి, ఎప్పటికో మరో చోట బయటపడుతున్నాయి. రన్‌వే అంచున గొర్రెల్ని తోలుకొచ్చిన ఒక ముసలాయన, ఆ పొలాలు ఆయనవే, గట్టు మీద గొంతుక్కూచుని చూస్తున్నాడు. "ఇమానాలకేటి బావూ, మబ్బుకి ఆకలేసినరోజు గెద్దే తిరిగిరాదు" అన్నాడు నాతో. చెప్పిన తీరు ఎలా ఉందంటే, అది ఆయన కళ్ళారా చూసిందే అన్నట్టు ఉంది.

మధ్యాహ్నానికి రెండు రీళ్ళు అయిపోయాయి. మూడో దాంట్లో కూడా చాలా వాడేశాను. చివరికి నాలుగు బొమ్మలు మిగిలాయి. ఐదు విమానాల బాణం కోసం వాటిని దాచుకుని, కెమెరాని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని నిలబడ్డాను. అప్పుడొచ్చాడు తెల్ల మీసాల ఆసామి ఒకాయన. ఎక్కడో కొండల మీద టీ తోటలు, సొంతంగా రెండు సీట్ల పసుపు విమానం. ప్రసాదరావు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఏమయ్యా ఫొటోగ్రాఫరూ, ఈయన నిన్ను పైకి తీసుకుపోతారంట. సముద్రం దాకా పోయి వస్తారు. పైనుంచి సంతంతా కనపడేట్టు ఒకటి కొట్టు" అన్నారు. ఫొటోగ్రాఫరన్నవాడు ఎవడైనా ఎగిరి గంతేస్తాడు. నాకు కాళ్ళు నేలలో పాతుకుపోయాయి. పైన మబ్బు చూశాను. గొర్రెల ముసలాయన్ని చూశాను. బల్లి గుర్తుకొచ్చింది. "కుదరదండి, ఉన్నవి నాలుగే బొమ్మలు, కింద కావాలి కదా" అన్నాను. అది నిజమే. కానీ నా నోటంట నిజం రావడం అంత సులభంగా ఎప్పుడూ జరగదు కనక, అందులో ఏదో మోసం ఉందని అప్పుడే నాకు అనిపించింది. ఆ తర్వాత ఆగలేదు నేను. సీటు ఖాళీగా పోతే ఆ పెద్దాయన ఏమనుకుంటాడో అని, "మా బావ వస్తాడండి. ఎత్తులు అలవాటే" అన్నాను.

బావ నా మొహంలోకి చూశాడు. నేను భయపడ్డానని ఆయనకి తెలిసిపోయింది. ఆ మాట అనలేదు. ట్రైపాడు నా చేతికిచ్చి, "మీ అక్కకి సెప్పకు, సంపీగలదు" అన్నాడు. వెనక సీట్లో ఆయన్ని పట్టీలతో కట్టేస్తుంటే పాడె కట్టినట్టు అనిపించి నేను మొహం తిప్పుకున్నాను. పసుపు విమానం రన్‌వే మీద ఎగిరెగిరి పడుతూ పరుగెత్తి, గద్దల మధ్య నుంచి లేచి, సముద్రం వైపు పోయి, మబ్బులో పడింది.

పది నిమిషాల్లో వస్తామన్నారు. పది అయింది. పావుగంట అయింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఫ్లయింగ్ స్కూలు కుర్రాళ్ళు ఒకరొకరుగా నవ్వులు ఆపేసి ఆకాశం కేసి చూడటం మొదలెట్టారు. ఒకడు మైకులో ఏదో చెప్పబోయి ఆపేశాడు. ప్రసాదరావు గారు జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఏం కాదయ్యా, ఏం కాదు, చెయ్యి తిరిగిన మనిషి ఆయన" అని నాతో నాలుగుసార్లు అన్నారు. నేనేమీ అడగలేదు. నాకు కనిపిస్తున్నది మా అక్క గుమ్మం. సాయంత్రం బస్సు దిగి ట్రైపాడు మోసుకుంటూ నేనొక్కణ్ణే ఆ గుమ్మంలోకి వెళ్ళడం. ఏమని చెప్పాలో అప్పుడే వాక్యాలు అల్లుకుంటున్నాను. అదీ నా బుద్ధి! బావ ఇంకా గాల్లో ఉండగానే, ఆయన పోయిన కథ నా బుర్రలో తయారైపోయింది. తనంతట తానే పట్టుబట్టి ఎక్కాడని కూడా చేర్చేశాను. గద్దలు ఎప్పుడు పోయాయో తెలీదు, ఒక్కటీ లేదు. ముసలాయన గొర్రెల్ని తోలుకుంటూ నా పక్క నుంచే వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు.

అరగంట దాటాక ఎదురు దిక్కు నుంచి, మేమెవరం చూడని వైపు నుంచి, కొండల మీదుగా సన్నగా మోటారు మోగింది. పసుపు విమానం రెక్కలు ఊపుతూ వచ్చి, నాలుగు గంతులేసి ఆగింది. మబ్బు పట్టిందని చుట్టు తిరిగి వచ్చారట, అంతే. తెల్ల మీసాల ఆయన దిగి సిగరెట్టు వెలిగించాడు. బావ దిగి, రెక్క పట్టుకుని కాసేపు నిలబడి, నా వైపు నడిచి వచ్చాడు. "బావా! ఓలమ్మ నాయనో! మన షెడ్డు సూసాను బావా. అగ్గిపెట్టి! అగ్గిపెట్టిలో నాను ఇన్నేల్లు కూకున్నాను!" అంటున్నాడు. నా ప్రాణం కుదుటపడటంతోటే కోపం వచ్చింది. ఎందుకు కోపమో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలీదు. సరిగ్గా అప్పుడే మైకులో, ఐదు విమానాలూ లేచాయి, రెండు నిమిషాల్లో తలల మీదికి వస్తాయన్నారు.

బావ వెనక్కి వెళ్ళి పసుపు విమానం రెక్కకి ఆనుకుని నిలబడ్డాడు. "ఒకటి కొట్టు బావా. మీ అక్క నన్ను ముకం మాడుపు మనిసంటాది కదా! ఇయాల సూడమను." జన్మలో ఎప్పుడూ తనకి ఫొటో కావాలని అడగని మనిషి. మా ఇంట్లో ఎవరూ అడిగేవారు కారు. బొమ్మ అంటే ఎవరో పరాయివాళ్ళకి అమ్మేదని వాళ్ళకి తెలుసు. నా దగ్గర నాలుగు ఉన్నాయి. బాణానికి మూడు చాలు. అది నాకు అప్పుడూ తెలుసు. కానీ ఒకటి ముందూ ఒకటి వెనకా చెడిపోతే? ప్రసాదరావు గారు పాతరేయిస్తానన్నారు కదా! నా చెవులు ఆకాశంలో మోటార్లు వెతుకుతున్నాయి. కెమెరా కంటి దాకా ఎత్తాను. వేలు వెనక్కి పోయి చిన్న బటన్ నొక్కింది. ముసురులో ఫ్లాష్ భగ్గుమంది.

మేళం లేదక్కడ. క్లిక్కు లేకపోవడం ఇద్దరికీ వినపడింది.

"నాకూ ఉత్తదేనేటి బావా?" అన్నాడాయన.

"ఛ! అసలుదే. ఒట్టు" అన్నాను.

"అయితే సరే" అన్నాడు. నవ్వుతున్నట్టే ఉంది గొంతు. అంతలో బాణం వచ్చేసింది. నేను తల పైకెత్తి మూడు కొట్టాను. నాలుగోది కూడా కొట్టాను.

ఆ మూడో బొమ్మ నా జన్మకంతటికీ గొప్ప బొమ్మ. మబ్బు చీలిన చోట ఐదు విమానాలు, కింద రన్‌వే మీద తడి మెరుపు, మూలన ఒక్క గద్ద. గద్ద ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. ప్రసాదరావు గారు దాన్ని నిలువెత్తు కట్టించుకున్నారు. నా స్టూడియో గోడ మీద ఇప్పటికీ అదే ఉంది. దాన్ని చూసే చాలామంది తమ పెళ్ళిళ్ళు నాకు అప్పజెప్పారు. నేను మాత్రం దానికి వీపు పెట్టి కూచుంటాను.

బావకి ఆ శీతకాలం పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు కట్టించారు, ఆసుపత్రిలో పడుకోబెట్టారు, అన్నీ చేశారు. తిరునాళ్ళకి పోయినంత తేలిగ్గా మూడు వారాల్లో పోయాడు. పన్నెండో రోజున, చుట్టాలంతా విస్తళ్ళ ముందు ఉండగా, మా అక్క నా దగ్గరికి వచ్చి, "ఇమానం కాడ ఫొటో తీసేవటగా. మీ బావ సెప్పేడు. నవ్వేనని సెప్పేడు. కడిగించేవా?" అని అడిగింది. ఉత్తదని ఆయనకి తెలుసు. తెలిసి కూడా ఇంటికొచ్చి, నీ తమ్ముడు నాకు ఫొటో తీశాడని భార్యతో చెప్పుకున్నాడు. నన్ను కాపాడటానికో, తనని తను నమ్మించుకోవడానికో. "ల్యాబ్‌కి ఇచ్చానక్కా" అన్నాను. అదే మొదటి ఇటుక. తర్వాత పదహారేళ్ళూ గోడ కడుతూ పోయాను.

ఇప్పటి వాళ్ళకి ఉత్త ఫ్లాష్ అన్నది లేదు. హైమ ఫోనులో తొమ్మిది వేల ఫొటోలు ఉన్నాయట. తిన్న దోసె, తినని దోసె, లిఫ్టు అద్దంలో తను, ఆ లిఫ్టు బయట తను. ఒక్క బొమ్మకీ ఎవడూ ఎవడినీ బతిమాలక్కర్లేదు, ఎవడూ ఎవడినీ మోసం చెయ్యక్కర్లేదు. పెళ్ళిళ్ళలో నేను కూడా ఇప్పుడు అందరినీ తీస్తాను. వంటవాణ్ణీ, డ్రైవర్నీ, కుర్చీలు మోసేవాణ్ణీ. అసలుకే తీస్తాను. ఆ చుట్టాలు ఆల్బమ్ దాకా కూడా ఆగరు, నా చేతిలోనే తెర మీద చూసుకుని, బాగోలేదు, తీసెయ్యమంటారు. ఆ రోజుల్లో లేని ఫొటో కోసం మనుషులు ఏళ్ళ తరబడి ఎదురు చూసేవారు. ఈ రోజుల్లో ఉన్న ఫొటోని రెండోసారి చూసేవాడు లేడు. ఏది మేలంటే చెప్పలేను. ఎదురు చూసినవాళ్ళకి నేను చేసింది మాత్రం నాకు తెలుసు.

టీ గ్లాసులు చల్లారిపోయాక తిరిగి వచ్చాను. హైమ మూడు పెట్టెలు ఖాళీ చేసి, ఒళ్ళంతా పాత ఫిల్ములతో, నాలుగోది తెరవబోతోంది. "అది వద్దమ్మా" అన్నాను. ఇంకేమీ అలంకారం చెయ్యలేదు. ఉత్త ఫ్లాష్ అంటే ఏమిటో చెప్పాను, మీ నాన్నకి నేను కొట్టింది అదేనని చెప్పాను. అది నెగెటివ్‌లన్నీ ఒక్కొక్కటే మళ్ళీ కవర్లలో పెట్టింది. తర్వాత హెల్మెట్ పెట్టుకుని, "అమ్మకి నువ్వే చెప్పు మావయ్యా. ఇప్పుడే. ఎక్కు" అంది. స్కూటీ వెనక కూచుని, మధురవాడ దాకా ఇరవై మైళ్ళు, నాకు నలభై మైళ్ళు. నిజం చెప్పాలంటే నలభయ్యే.

అక్క పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని చేపలు బాగుచేస్తోంది. నన్ను చూసి, "దొరికిందేటిరా?" అంది. చెప్పాను. పైకి వెళ్ళాల్సింది నేనని, బావని తోశానని కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు. ఆవిడ చెయ్యి ఆగింది గానీ తల ఎత్తలేదు. హైమ గుమ్మంలోనే ఉండిపోయింది. కుళాయి నీళ్ళు పళ్ళెం నిండి, పొర్లి, పొలుసులు పెరడంతా తేలుకుంటూ పోతున్నాయి. తిడుతుందని చూశాను. కత్తిపీట పక్కనే ఉంది. ఆ క్షణాన అదే మేలనిపించింది.

"పోనీ, నువ్వు సూసేవు కదా!" అంది. "మీ బావ ఆ రోజు ఏ సొక్కా ఏసుకెల్లేడురా?"

నీలం గళ్ళది అని నాలుక చివరి దాకా వచ్చింది. పై బొత్తాం ఊడిపోయి, జేబు మీద ఇంకు మరక ఉన్న నీలం గళ్ళ చొక్కా. ఆ మరక ఆకారం కూడా నా బుర్రలో అప్పుడే తయారైంది. కానీ ఆ ఫ్లాష్ వెలిగినప్పుడు నా కన్ను కెమెరాలో లేదు. ఆకాశంలో ఉంది. మా బావ నవ్వాడో లేదో కూడా నేను చూడలేదు.

"గుర్తు లేదక్కా" అన్నాను.

అక్క కుళాయి కట్టేసింది. "నాకూ గుర్తు లేదురా" అంది. "గుమ్మంలో నిలబడి ముసురు గొడవే గానీ మనిసిని సూడలేదు. ఫొటో వత్తే తెలుత్తాదని ఉన్నాను."